సీల్ మారిస్తే సరిపోదు!

పుంగనూరులో మా నాయనకు పాత ఫోర్‌వీల్ జీపు ఉంది. కుప్పం వెళ్లొచ్చేసరికి వెనక చక్రం లోపలి వైపు గేర్ ఆయిల్ కారింది. ఆక్సిల్ సీల్ మార్పించాం. నెలకే మళ్లీ అదే కథ! ఆ ఆయిల్ బ్రేక్ షూలకు అంటితే బ్రేక్ సరిగ్గా పట్టదు. ఈ బండితోనే నాయన హార్స్‌లీ కొండ ఘాట్ దిగాలి. భయమేసింది.

మదనపల్లెలో మెకానిక్ అన్న ముందు సీల్ ముట్టుకోలేదు. ఆక్సిల్ హౌసింగ్ మీదున్న చిన్న బ్రీదర్ చూపించాడు. మట్టితో మూసుకుపోయింది.

"బండి నడిస్తే లోపల గాలి వేడెక్కుతాది తమ్ముడూ. పోయే దారి లేకుంటే ఆయిల్‌ను సీల్ పక్కనుంచి తోసేస్తాది."

బ్రీదర్ శుభ్రం చేశాడు. బేరింగ్ ఆడటం లేదని చూసుకుని కొత్త సీల్, కొత్త షూలు వేశాడు.

ఆఫీసులో నేనూ అంతే, ఎర్రర్ మూసేసి కారణం వదిలేస్తుంటా. మీ ఇంట్లో పాత జీపుంటే ముందు బ్రీదర్ చూడండి.