ఫెర్రోవిద్యుత్ స్ఫటికాలలో విద్యుత్-కాంతి ప్రభావం

విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగించినపుడు ఒక పదార్థపు వక్రీభవన గుణకం మారడాన్ని విద్యుత్-కాంతి ప్రభావం (ఎలక్ట్రో-ఆప్టిక్ ప్రభావం) అంటారు. బేరియం టైటనేట్, లిథియం నయోబేట్ వంటి ఫెర్రోవిద్యుత్ స్ఫటికాలలో ఇది ప్రబలంగా కనిపిస్తుంది. బయటి క్షేత్రం లేనప్పుడు కూడా ఈ స్ఫటికాలలో నిలిచి ఉండే స్వతస్సిద్ధ విద్యుత్ ధ్రువణమే దీనికి మూలం.

చరిత్ర

1875లో స్కాట్లండుకు చెందిన జాన్ కెర్ గాజులో ఈ ప్రభావాన్ని గమనించాడు. ఇందులో మార్పు క్షేత్రపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 1893లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పోకెల్స్ కొన్ని స్ఫటికాలలో మార్పు నేరుగా క్షేత్రానికే అనుపాతంలో ఉంటుందని చూపాడు. మొదటిది కెర్ ప్రభావం, రెండవది పోకెల్స్ ప్రభావం. ఫెర్రోవిద్యుత్ గుణాన్ని 1920లో జోసెఫ్ వాలసెక్ రోషెల్ లవణంలో కనుగొన్నాడు. లిథియం నయోబేట్‌లో ఈ గుణం 1949లో బయటపడింది.

మూలకారణం

బేరియం టైటనేట్‌లో ప్రతి టైటానియం అయాను చుట్టూ ఆరు ఆక్సిజన్ అయానులు అష్టముఖి ఆకారంలో అమరి ఉంటాయి. సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఈ అమరికకు సౌష్ఠవ కేంద్రం ఉంటుంది. క్షేత్రపు దిశను తారుమారు చేసినా ఫలితం మారదు కనుక అక్కడ కెర్ ప్రభావం మాత్రమే సాధ్యం. చల్లారినపుడు టైటానియం నడిమి స్థానం నుండి పక్కకు జరుగుతుంది. సౌష్ఠవ కేంద్రం పోయి, ధ్రువణం ఏర్పడుతుంది.

వక్రీభవన గుణకంలోని మార్పు మొత్తం ధ్రువణపు వర్గాన్ని అనుసరిస్తుంది. ఉదాహరణకు, స్వతస్సిద్ధ ధ్రువణం 10, క్షేత్రం వలన కలిగేది 1 అనుకుందాం. వర్గం 100 నుండి 121కి పెరుగుతుంది, అంటే తేడా 21. క్షేత్రాన్ని తిప్పితే వర్గం 81కి తగ్గుతుంది, తేడా -19. స్వతస్సిద్ధ ధ్రువణం లేకపోతే రెండు సందర్భాలలోనూ తేడా 1 మాత్రమే. అనగా నిలువ ఉన్న ధ్రువణం మార్పును అనేక రెట్లు పెంచడమే కాక, దానిని దాదాపు క్షేత్రానికి అనుపాతంగా మారుస్తుంది. ఆక్సిజన్ అష్టముఖులు గల ఫెర్రోవిద్యుత్ స్ఫటికాలకు ఈ వివరణను బెల్ ప్రయోగశాలలకు చెందిన వెంపుల్, డిడొమెనికో 1969లో సమగ్రంగా ఇచ్చారు.

క్షేత్రం ఎలక్ట్రాన్ మేఘాలను వంచుతుంది, అయానులను కదుపుతుంది. లిథియం నయోబేట్‌లో అయానుల కదలిక వాటాయే ఎక్కువ. తక్కువ పౌనఃపున్యాల వద్ద స్ఫటికం సాగడం, కుదించుకుపోవడం కూడా కొంత తోడవుతుంది.

పరిమాణం, ఉపయోగాలు

లిథియం నయోబేట్‌లో 10 మైక్రోమీటర్ల ఎడంలో 10 వోల్టులు ప్రయోగిస్తే, అనుకూలమైన దిశలో వక్రీభవన గుణకం సుమారు 0.00015 మారుతుంది. ఇది స్వల్పమే. కాని 1 సెంటీమీటరు దూరం ప్రయాణించేసరికి 1.55 మైక్రోమీటర్ల కాంతి దాదాపు ఒక తరంగదైర్ఘ్యం మేర ముందుకో వెనుకకో జరుగుతుంది. కాంతిని రెండు దారులుగా చీల్చి తిరిగి కలిపే పరికరంలో అందులో సగం జరిగినా చాలు, వెలుగు చీకటిగా మారుతుంది. ఆప్టికల్ ఫైబర్ సమాచార వ్యవస్థలలో మాడ్యులేటర్లు ఈ విధంగానే పనిచేస్తాయి.

ఈ గుణానికి మరొక ముఖం ఉంది. తీవ్రమైన లేజర్ కాంతి స్ఫటికంలోని ఆవేశాలను కదిల్చి అంతర్గత క్షేత్రాన్ని కలిగించగలదు. ఆ క్షేత్రం అదే ప్రభావం ద్వారా వక్రీభవన గుణకాన్ని మార్చి కాంతిపుంజాన్ని చెదరగొడుతుంది. 1966లో గుర్తించిన ఈ లోపాన్ని తగ్గించడానికి స్ఫటికంలో మెగ్నీషియం కలుపుతారు.