విహారనౌకల్లో భోజనం, దుస్తులు: అపోహలు – వాస్తవాలు

క్రూయిజ్‌లో రాత్రి భోజనానికి కూర్చోవాలంటే పురుషులకు నల్లకోటు, బో టై, స్త్రీలకు పాశ్చాత్యపు గౌను తప్పనిసరి అన్నది అన్నిటికన్నా బలంగా నాటుకున్న అపోహ. అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటించిన పాతకాలపు ఓడల మొదటి తరగతిలో ఈ ఆచారం నిజంగానే ఉండేది. దాన్ని నేటికీ శ్రద్ధగా పాటిస్తున్న సంస్థల్లో కనార్డ్ ముఖ్యమైనది. అయితే 2004లో ప్రయాణాలు ప్రారంభించిన ఆ సంస్థ నౌక క్వీన్ మేరీ 2లో సైతం ప్రతి రాత్రికీ ఒకే నియమం లేదు. 'గాలా' సాయంత్రాలు అని పిలిచే కొన్ని ప్రత్యేక రాత్రుల్లో మాత్రమే డిన్నర్ జాకెట్ లేదా ముదురురంగు సూటు ధరించమని కోరతారు. అప్పుడు కూడా ఏ దేశస్థులైనా తమ సంప్రదాయ వేడుక దుస్తుల్లో రావచ్చని నియమావళి అంగీకరిస్తుంది కనుక, పట్టుచీర కట్టుకున్నవారు గానీ షేర్వానీ వేసుకున్నవారు గానీ ఏమాత్రం సంకోచించనక్కరలేదు. అలంకరణపై ఆసక్తి లేనివారికి అదే నౌకలో కింగ్స్ కోర్ట్ అనే బఫే, గోల్డెన్ లయన్ అనే పబ్బు తెరిచే ఉంటాయి.

ఇందుకు భిన్నంగా నార్వీజియన్ క్రూయిజ్ లైన్ 2000లో 'ఫ్రీస్టైల్' పద్ధతిని ప్రవేశపెట్టి, నిర్ణీత భోజన వేళలను, కేటాయించిన బల్లలను, లాంఛనపు దుస్తుల నిర్బంధాన్ని ఒకేసారి తొలగించింది. అంటే దుస్తుల నియమం సంస్థను బట్టి, నౌకలోని గదిని బట్టి, వేళను బట్టి మారుతుందే తప్ప సముద్రయానం మొత్తానికి వర్తించే శాసనం కాదు. ఈతదుస్తులతోనో, చెప్పులు లేకుండానో భోజనశాలలోకి రాకూడదన్న నియమం మాత్రం దాదాపు అంతటా ఉంటుంది.

టికెట్టు ధరలోనే అన్ని భోజనాలూ కలిసి ఉంటాయన్నది మరో భ్రమ. ప్రధాన భోజనశాల, బఫే సాధారణంగా ధరలో భాగమే. 'స్పెషాలిటీ' రెస్టారెంట్లు అనే ప్రత్యేక వంటకాల శాలలకు, మద్యానికి, చాలాచోట్ల శీతల పానీయాలకు విడిగా చెల్లించాలి. పీ అండ్ ఓ సంస్థ 2010లో ప్రారంభించిన అజురా నౌకలో భారతీయ వంటకాలు వడ్డించే 'సింధు' ఇటువంటిదే. ఇలా విడిగా వసూలు చేయడం ఇటీవల పుట్టిన పద్ధతి అనుకోవడమూ పొరపాటే. 1912 నాటి టైటానిక్‌లో మొదటి తరగతి ప్రయాణికులకు కూడా 'ఆ లా కార్ట్' అనే రెస్టారెంట్‌లో భోజనానికి వేరే రుసుము ఉండేది.

శాకాహారులు పెరుగు, పండ్లతోనే కాలక్షేపం చేయాలన్న భయం ఎందరో పెద్దవారిని ఇటువంటి ప్రయాణాలకు దూరంగా ఉంచుతున్నది. దీన్ని తొలగించడం అన్నిటికన్నా అవసరం. కార్నివాల్ సంస్థ ప్రధాన భోజనశాలల్లో రాత్రి వంటకాల జాబితాలో భారతీయ శాకాహార వంటకం ఉంటుంది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నైకి నౌక నడిపిన కార్డేలియా సంస్థ జైన భోజనాన్ని కూడా అందిస్తుంది. అయితే పాశ్చాత్యుల లెక్కలో గుడ్డు శాకాహారమే కావచ్చు, కూరగాయల సూపులో కోడి ఎముకల రసం కలవవచ్చు. నౌక నడిసముద్రంలో ఉండగా కొత్త సరుకులు దొరకవు గనుక, ఆహార నియమాలను టికెట్టు తీసుకున్నప్పుడే స్పష్టంగా తెలియజేయాలి.

ఇంటి వంటను వెంట తీసుకుపోతే సరిపోతుందన్న ఆలోచన చాలా సంస్థల దగ్గర చెల్లదు. కర్మాగారంలో మూసిన పొట్లాలనే అవి అనుమతిస్తాయి. రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె వంటి వేడి పరికరాలను అగ్నిప్రమాద భయంతో నిషేధిస్తాయి. ముడతపడిన చీరకు నౌకలోని ఇస్త్రీ సేవ ఒక మార్గం. క్వీన్ మేరీ 2లో ప్రయాణికులే బట్టలు ఉతికి ఇస్త్రీ చేసుకునే గది కూడా ఉంది.

బఫే ద్వారం దగ్గర శానిటైజర్ రాసుకుంటే చేతులు శుభ్రమైనట్టేనన్న నమ్మకం ప్రమాదకరమైనది. నౌకల్లో వాంతులు, విరేచనాలకు తరచు కారణమయ్యే నోరోవైరస్‌పై ఆల్కహాల్ ద్రవాలు అంతగా పనిచేయవు. సబ్బుతో, పారే నీటితో కడుక్కోవడమే ఆధారం. అమెరికా రేవులకు వచ్చే విదేశీ ప్రయాణ నౌకల వంటశాలలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆకస్మికంగా తనిఖీ చేసి 100కు మార్కులు వేస్తుంది. 85 లేదా అంతకు తక్కువ వస్తే ఆ నౌక తప్పినట్టే. ఈ ఫలితాలు బహిరంగంగా ప్రకటితమవుతాయి కాబట్టి, టికెట్టు కొనకముందే ఎవరైనా చూసుకోవచ్చు.