రక్షకుడు శిక్షకుడైన కథ

రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం వినే శ్రోతలకు ఒక చిక్కు ఉన్నది. వ్యాఖ్యాత మాట బంతి వెంట పరుగెత్తుతుంది. బంతి లేనిచోట నిలబడి ఆటను కాచేవానిని గురించి చెప్పడానికి ఆయనకు వ్యవధి ఉండదు. అందుచేత గోలు కొట్టినవాడు ఇంటింటా తెలిసినవాడవుతాడు. గోలు పడకుండ అడ్డినవాడు మరుగున పడతాడు. ఆ మరుగున నిలిచి ఆడి, తరువాత గురుపీఠమెక్కిన తెలుగుదేశపు క్రీడాకారుడు సయ్యద్ నయీముద్దీన్ గారు.

మన ఆటగాళ్లు 'బ్యాక్' అని పిలిచే రక్షకుని పని ఏమిటి? బంతిని తన్ని పారవేయడం అందులో చిన్న భాగమే. బంతి ఎవరి వద్ద ఉన్నదో చూడాలి. అది తరువాత ఎవరికి చేరబోతున్నదో ముందే ఊహించాలి. తోటి రక్షకులతో ఒక వరుసగా ముందుకు జరిగి, ప్రత్యర్థిని ఆఫ్‌సైడ్‌లో పడవేయాలి. మైదానమంతా అతని కన్నుల ఎదుటనే ఉంటుంది గనుక కేకవేసి తనవారిని సరిదిద్దేదీ అతడే. ఆడుతూనే నేర్పే పని ఇది.

నయీముద్దీన్ గారు 1944లో హైదరాబాదులో జన్మించినారు. అప్పటి నగర ఫుట్‌బాల్‌కు ప్రాణం సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఉపాధ్యాయుడైన రహీం గారి శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలు పెట్టి, రెండు కాళ్లకూ సమానమైన నేర్పు అలవరచిన గురువు ఆయన. 1963లో ఆయన కీర్తిశేషులయ్యేనాటికి నయీముద్దీన్ గారికి ఇంకా ఇరువది ఏండ్లు నిండలేదు. కాని ఆ బోధన నగర మైదానాలలో నిలిచియే ఉన్నది.

1966లో హబీబ్ మొదలైన హైదరాబాదు యువకులతో పాటు ఆయన కలకత్తా చేరినారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు మహాజట్లకూ ఆడినారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారతజట్టుకు నాయకుడు ఆయనే. శిక్షకులలో ఒకరైన పి.కె. బెనర్జీ రహీం గారి శిష్యుడు. జపానును 1-0తో ఓడించి మనవారు కాంస్యం తెచ్చినారు. ఆ ఏడే ఆయనకు అర్జున పురస్కారం లభించినది. 2023 హాంగ్‌ఝౌ క్రీడలు ముగిసేవరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరొక పతకం రాలేదు.

ఆట విరమించిన పిమ్మట ఆయన శిక్షకులైనారు. వేళ తప్పడం, సాధన తప్పడం సహించని కఠినుడని పేరు పొందినారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది డ్యూరాండ్, రోవర్స్, ఐ.ఎఫ్.ఎ. షీల్డు మూడింటినీ గెలుచుకొన్నది. ఆ ఏడే ద్రోణాచార్య పురస్కారం పొంది, ఫుట్‌బాల్ శిక్షకులలో దానిని అందుకొన్న మొదటివారైనారు. 1997లో ఖాట్మండులోను, 2005లో కరాచీలోను దక్షిణాసియా కప్పును భారతజట్టుకు గెలిపించినారు. ఢాకాలోని బ్రదర్స్ యూనియన్‌కు కూడ శిక్షణ ఇచ్చినారు.

విజయాలే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. 2006లో ఆసియా కప్పు అర్హత పోటీలలో జపాను, యెమెన్ జట్ల ముందు భారతజట్టు నిలువలేకపోయినది. ఆయనను పదవి నుండి తప్పించినారు. అప్పటికి ఆసియా ఆట ఎంతో ముందుకు సాగినది. అక్కడివారు పదేండ్ల పిల్లలకే బడిలో శిక్షణ మొదలుపెట్టి జట్టును పెంచుతున్నారు. జాతీయజట్టు చేతికి వచ్చిన తరువాత ఎంత గొప్ప గురువైనా పునాది వేయలేడు.

ఈ మాట మనకు వర్తిస్తుంది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాదు జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయినది. డబ్బుతో వచ్చిన జట్టు డబ్బుతోనే పోవచ్చు; రహీం గారు నాటిన విద్య మాత్రం తరం మారినా నిలిచినది. బాన్సువాడ వంటి పట్టణాలలో బంతి కొనవచ్చు. బడి మైదానమూ దొరుకుతుంది. కొరవడేది ఓపికతో నేర్పే మనిషి. ఆడిన చోటనే ఉండి పిల్లలకు నేర్పుతానని ముందుకు వచ్చే పాత ఆటగాడు ఊరికొక్కడున్నా చాలును. అతనికి సాయంకాలం ఒక గంట మైదానం అప్పగించడం ఊరివారి వంతు.