మింగితే పేలే పలుగుపొడి

ఏటి ఒడ్డున ఇసుకలో గూళ్లు కట్టుకునే పిల్లలకు ఏమీ కాదు. అదే ఇసుకకు మూలమైన పలుగురాయిని మిల్లులో పిండికొట్టే కార్మికుడికి మాత్రం కొన్నేళ్లలోనే ఊపిరాడని పరిస్థితి! ఆ జబ్బే సిలికోసిస్. రాయి ఒకటే... మరి ఇంత తేడా ఎందుకు?

మొదటి కారణం సైజు. ఇసుక రేణువు ఊపిరితిత్తుల లోతుకు చేరలేదు. నాలుగైదు మైక్రాన్లకన్నా చిన్నదైన ధూళి మాత్రం నేరుగా గాలి గదుల్లోకి వెళ్లిపోతుంది. అక్కడినుంచి కథంతా ఓ పలుచని కొవ్వు పొరదే.

రెండు వరసల గోడ

మన కణాలకూ, వాటి లోపలి సంచులకూ గోడ లిపిడ్లనే కొవ్వు అణువులే. ఇవి రెండు వరసలుగా సర్దుకుని పొరలా ఏర్పడతాయి. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటి పొరలు రెండు లక్షలు పేరిస్తే ఒక్క మిల్లీమీటరు! లిపిడ్లను నీళ్లలో వేస్తే వాటంతటవే ఇలాంటి పొరలతో బుడగలుగా చుట్టుకుంటాయని 1960ల్లో బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ బాంగమ్ గుర్తించారు. లిపోజోములనే ఆ బుడగల మీదే నేటికీ ఎన్నో పరీక్షలు చేస్తున్నారు.

వాతాపి కథే!

ఊపిరితిత్తుల్లో చేరిన ధూళిని కాపలా కణాలు మింగేసి, లైసోజోమ్ అనే సంచిలో వేసి అరిగిస్తాయి. పలుగుపొడి అరగదు. పైగా వాతాపిలా లోపలినుంచే ఆ సంచి పొరను ఛేదిస్తుంది. అందులోని జీర్ణరసాలు బయటికొచ్చి కణంలో ప్రమాద సంకేతం మోగిస్తాయని 2008లో తేలింది. కణం చచ్చిపోతుంది, రేణువు మిగులుతుంది. దాన్ని మరో కణం మింగుతుంది. ఈ వాపు ఏళ్ల తరబడి సాగి, ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. క్షయ ముప్పూ పెరుగుతుంది.

ఇటలీలోని ట్యూరిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అసలు గుట్టు విప్పారు. ప్రయోగశాలలో పెంచిన, ముఖాలు చెదరని పలుగు స్ఫటికాలు కణాల పొరను పెద్దగా బాధించలేదు. వాటినే నూరితే మాత్రం పొర చిరిగింది! రాయి పగిలినచోట సిలనాల్ అనే రసాయన గుంపులు చెల్లాచెదురవుతాయి. వాటిలో ఒకదానికొకటి ఒక ప్రత్యేకమైన దూరంలో మిగిలిపోయినవే పొరను పట్టి దెబ్బతీస్తున్నాయని 2020లో ప్రకటించారు.

నీళ్లే రక్ష

దెబ్బతిన్న ఊపిరితిత్తిని మామూలు స్థితికి తెచ్చే మందు లేదు. నివారణ మాత్రం చేతిలో పనే. నీళ్లు చిమ్ముతూ కోస్తే ధూళి చాలావరకు అణుగుతుంది. గాలిలో మిగిలినదాన్ని లాగేసే యంత్రాలు, ముఖానికి బిగుతుగా పట్టే ధూళి మాస్కులు ఉండాలి. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఇంత సన్నని పొడిని ఆపలేదు. వంటింటి గట్లకు వాడే కృత్రిమ రాతిలో సిలికా ఎక్కువ. అది కోసే కార్మికులు జబ్బుపడుతుండటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని నిషేధించింది. మన ఇంట్లో గ్రానైటు కోయిస్తున్నా సరే... పనివాడి పక్కన ఓ నీళ్ల పైపు ఉందో లేదో చూడాల్సిందే!