చేతికి అయిదు వేలా? వేళ్ళా?

కంకిపాడు: పలక మీద "నా చేతికి అయిదు వేలు" అని పిల్లవాడు రాస్తే ఏమనాలి? తేడా ఒక్క అక్షరమే. వేళ్ళు కాస్తా వేలు కావడంతో చెయ్యి డబ్బు సంచి అయి కూర్చుంది. "అమ్మకు కల్లు నొప్పి" అని రాసే పిల్లలూ మన పల్లెల్లో ఉన్నారు. తాటిచెట్టు నుంచి దించేది కల్లు, ముఖాన ఉన్నవి కళ్ళు.

తప్పంతా పిల్లలదే అనడం అన్యాయం. మన వైపు చాలామంది పెద్దల నోటనే 'ళ' పలకడం లేదు. ఇంట్లో 'నీల్లు' అని వింటూ పెరిగిన పిల్ల బడిలో 'నీళ్ళు' అని ఎలా రాస్తుంది? వందసార్లు రాయించినా చెయ్యి నొప్పే మిగులుతుంది.

పనికొచ్చే కిటుకు ఒకటుంది. ముందుగా ఒక వస్తువు పేరు చెప్పించి, తర్వాత "అవే పది ఉంటే?" అని అడగాలి. గేదె, గేదెలు, పుస్తకం, పుస్తకాలు. ఇక్కడ 'లు' వచ్చి చివర చేరిందంతే, 'ల' చాలు. ఊరు, ఊళ్ళు, కాలు, కాళ్ళు, గుడి, గుళ్ళు. ఇక్కడ మాట చివరి 'రు', 'లు', 'డి' మాయమై 'లు'లో కలిసిపోయాయి. అలా కలిసిన చోట 'ళ్ళు' రాయాలి. ఇల్లు ఒకటైతే 'ల్లు', పదైతే ఇళ్ళు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే ఈ మార్పుకు సూత్రాలు కట్టాడు. తెలంగాణ వారు నేటికీ కండ్లు, పండ్లు, బండ్లు అంటారు. ఆ 'ండ్లు' ఉన్న చోట మనం 'ళ్ళు' రాసుకుంటే సరి.

కిటుకు అన్నిచోట్లా పారదు. పేరుకు పేర్లు, కారుకు కార్లు. నోట్లో పన్ను పళ్ళవుతుంది గాని, పంచాయతీకి కట్టే పన్ను పన్నులే అవుతుంది! ఇలాంటివి విడిగా చెప్పాల్సిందే.

పుస్తకంలో 'ళ్ళు', పత్రికలో 'ళ్లు' చూసి ఏది ఒప్పని కొందరు తల్లిదండ్రులు తికమకపడుతుంటారు. రెండూ ఒప్పే. పైనున్నది 'ళ' అయితే చాలు, కింది వత్తు గురించి పిల్లలను దండించనక్కరలేదు.

బడి దాటాక కూడా ఈ అక్షరంతో పని పడుతూనే ఉంటుంది. 'ఇల్ల స్థలం' కోసమని అర్జీ రాసుకుపోయిన మనిషి ఆఫీసులో నలుగురి ముందు నవ్వులపాలవుతాడు. అడిగింది న్యాయమైనదే అయినా సరే.