వెయ్యి మంది మగవాళ్లకు 1,019 మంది ఆడవాళ్లు

2011 జనగణనలో విజయనగరం జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 1,019 మంది ఆడవాళ్లు తేలారు. పక్కనున్న శ్రీకాకుళంలో 1,015. దేశం మొత్తానికి 943. ఆడపిల్లను బతకనిచ్చే జిల్లాలని సంతోషించవచ్చు, అందులో నిజం లేకపోలేదు. కానీ ఆరేళ్లలోపు పిల్లలనే లెక్కపెడితే ఇక్కడా ఆడపిల్లలు వెయ్యికి తక్కువే. అంటే మగవాళ్ల సంఖ్య పెద్దయ్యాక తగ్గుతోంది. ఆడవాళ్ల ఆయుష్షు ఎక్కువ కావడం ఒక కారణం. రెండోది ఉత్తరాంధ్రలో ఏ గడపనడిగినా చెప్పేదే: వలస.

2001లో విజయనగరం జిల్లా జనాభా 22,49,254. పదేళ్లకు 23,44,474. పెరుగుదల 4.23 శాతం. అదే దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 10.98 శాతం, దేశం 17.7 శాతం పెరిగాయి. రాష్ట్రంతో సమానంగా పెరిగి ఉంటే జిల్లాలో ఇంకో లక్షన్నర మంది ఉండేవారు. ఆ లోటంతా వలసే అనలేం, కానుపులూ తగ్గాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళ కనే పిల్లల సగటు 1992-93లో 2.6, 2019-21 నాటికి 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ముప్పై ఏళ్లలో ప్రభుత్వ భయమే తిరగబడింది. దక్షిణ కొరియాలో 2023లో ఆ సగటు 0.72కు పడిపోయింది, అయితే ఆ దేశం కర్మాగారాలు నిండాక ఆ దశకు చేరింది. మన దగ్గర ఉన్న మిల్లులే ఖాళీ అవుతున్నాయి.

విజయనగరం జిల్లాలోని నెల్లిమర్ల అలాంటి మిల్లు ఊరే. అది 2013లో జరజాపుపేటను కలుపుకుని నగర పంచాయతీ అయింది. పురపాలక హోదా లేకున్నా ఒక ఊరిని పట్టణమనాలంటే కనీసం అయిదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మందితో పాటు పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలని జనగణన కొలమానం. నెల్లిమర్లకు ఆ పని ఇచ్చింది బ్రిటిషు కాలం నాటి జూట్ మిల్లు.

ఆ మిల్లు వెనక ఒక పంట ఉండేది. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, నడుంలోతు మురుగునీళ్లలో నిలబడి బెరడు నుంచి నార లాగేవారు. ప్లాస్టిక్ సంచి వచ్చాక గోనెసంచికి మిగిలిన పెద్ద దిక్కు ప్రభుత్వమే. తిండిగింజలను జనపనార సంచుల్లో నింపాలన్న 1987 చట్టం లేకపోతే ఈ పరిశ్రమ ఎప్పుడో పోయేది. 2017 జనవరిలో బంగ్లాదేశ్ జనపనార సరుకుపై యాంటీ డంపింగ్ సుంకం పడింది. 2021 సెప్టెంబరులో ముడి జనపనార ధరకు క్వింటాలు రూ.6,500 గరిష్ఠ పరిమితి పెట్టారు. బజారులో ధర అంతకంటే ఎక్కువ పలికింది. సంచి ధర మాత్రం ఆ పరిమితి లెక్కనే కట్టారు. 2022 మేలో ఆ పరిమితిని ఎత్తేసేదాకా దేశంలోని మిల్లులు నష్టంలో నడిచాయి, కొన్ని ఆగాయి. ఢాకాలోనో కోల్‌కతాలోనో కదిలిన ధర నెల్లిమర్లలో షిఫ్టుల సంఖ్యగా మారుతుంది. భీమిలి దగ్గరి చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. నెల్లిమర్ల కార్మికులు లాకౌట్లతో పాటు 1994 జనవరిలో పోలీసు కాల్పులనూ చూశారు, ప్రాణాలూ పోగొట్టుకున్నారు. ఆ ఇళ్ల పిల్లలు మిల్లు గేటు వైపు చూడకుండా రైలెక్కితే తప్పుపట్టడం నాకు చేతకాదు.

నెల్లిమర్ల నియోజకవర్గంలోనే భోగాపురం ఉంది. అక్కడ సుమారు 2,200 ఎకరాల్లో విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, తొలిదశ సామర్థ్యం ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు. ఉద్యోగాలు వస్తాయి. మగ్గం, నార తెలిసిన చేతులకు వస్తాయా అన్నదే నా దిగులు.

జనగణన మళ్లీ 2027 ఫిబ్రవరిలో జరగాలి. విశాఖలో అద్దె గదిలో ఉన్న నెల్లిమర్ల కుర్రాడు ఆ రోజు విశాఖ లెక్కలోకే వెళతాడు. ఆర్థిక సంఘం నిధుల పంపకంలో జనాభా ఒక పెద్ద కొలత కనుక, అతడి పేరిట వచ్చే వాటా కూడా అక్కడికే పోతుంది. ఊళ్లో ఉండిపోయిన అతడి అమ్మానాన్నల మంచినీళ్లు, మందుల బాధ్యత మాత్రం నెల్లిమర్ల మీదే ఉంటుంది.