ఒక జట్టుకి 'మరణశిక్ష': ఎస్‌ఎంయూ ఫుట్‌బాల్ కథ

డల్లాస్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళోనే సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఉంది, అందరూ ఎస్‌ఎంయూ అంటారు. ఇవాళ ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గురించి చెప్పుకుందాం. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదండోయ్, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. అక్కడ కాలేజీ ఆటలకి పెద్ద పెద్ద స్టేడియాలు నిండిపోతాయి, టీవీల వాళ్ళు కోట్లు గుమ్మరిస్తారు. ఆడే కుర్రాడికి మాత్రం చదువు, తిండి, బస తప్ప పైసా ఇవ్వకూడదని అప్పటి రూలు. మరి మంచి ఆటగాడు మన కాలేజీకే ఎందుకు రావాలి? డల్లాస్‌లో డబ్బున్న అభిమానులకి కొదవలేదు. బల్ల కింద నుంచి చేతులు కలిశాయి.

1982లో ఎరిక్ డికర్సన్ ఆడిన జట్టు 11 ఆటలు గెలిచింది, ఒకటి డ్రా, ఓటమన్నదే లేదు. ఆ తర్వాత దొరికిపోయారు, శిక్ష పడింది. పడ్డాక కూడా మానలేదు! 13 మంది ఆటగాళ్ళకి 61,000 డాలర్లు ముట్టాయని తేలింది. ఎందుకు మానలేదంటే, మాట ఇచ్చేశారు కాబట్టి. ఠక్కున ఆపేస్తే ఆ కుర్రాళ్ళు నోరు విప్పుతారని భయం. ఇది కాలేజీ పాలకమండలి పెద్దలకీ తెలుసు. మండలికి అధ్యక్షుడిగా ఉండి, తర్వాత టెక్సస్ గవర్నర్ పదవిలో ఉన్న బిల్ క్లెమెంట్స్ 1987 మార్చిలో ఆ సంగతి ఒప్పుకున్నాడు.

అప్పటికే, ఫిబ్రవరి 25న, కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసింది. 'డెత్ పెనాల్టీ' అన్నారు దాన్ని. 1988లో కాలేజీయే ఆడలేమని చేతులెత్తేసింది. ఈలోపు వేరే కాలేజీల కోచ్‌లు వచ్చి ఆటగాళ్ళని ఎగరేసుకుపోయారు. 1989లో తిరిగి దిగినప్పుడు ఎక్కువమంది కొత్త పిల్లలే. హ్యూస్టన్ చేతిలో 95-21. తిన్నవాళ్ళు ఎవరో, తన్నులు తిన్నవాళ్ళు ఎవరో! నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ అనిపించేది ఇదే.

తర్వాత 2008 దాకా ఇరవై సీజన్లలో ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్నది ఒక్క 1997లోనే. 1984లో హవాయిలో ఒక బౌల్ ఆట ఆడారు. మళ్ళీ బౌల్ ముఖం చూసింది 2009లో, అదీ హవాయిలోనే.

ఇప్పుడు అసలు విడ్డూరం వినండి. 2021లో ఆటగాళ్ళు తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకోవచ్చు అన్నారు. 2025 నుంచి కాలేజీలే నేరుగా పంచవచ్చు, మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆనాటి 61,000 దీనిముందు చిల్లర! అలాగని అప్పుడు చేసింది ఒప్పని అనను. రూలు రూలే, పైగా అబద్ధాలాడారు.

ఇక డల్లాస్ డబ్బుకి దాక్కునే పనిలేదు. ఏసీసీ అనే పెద్ద లీగ్‌లో చోటిస్తే చాలు, తొమ్మిదేళ్ళు టీవీ వాటా మాకొద్దు అని చేరిపోయారు. 2024లో, మొదటి ఏడాదే, లీగ్‌లో 8కి 8 గెలిచారు. ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో 34-31తో ఓడినా జాతీయ ప్లేఆఫ్‌కి పిలుపొచ్చింది. అక్కడ పెన్ స్టేట్ 38-10తో ఇంటికి పంపింది, అది వేరే సంగతి.